జనుము చేలో రెండు కణుపుల లోతు

నా భార్య వైశాఖంలో చనిపోయింది. మూడు రోజుల జ్వరం, విజయనగరంలో ఆసుపత్రి, అంతే. సేద్యం గురించి ఈ పత్రికలో నేను రాసినవాటిలో సగం ఆమె నేర్పినవే. ఆమె ఉండగా ఆ మాట రాయలేదు.

మాది శృంగవరపుకోట దగ్గర మెట్ట భూమి. వేసవి వానకు జనుము చల్లి, పూతకు రాగానే రోలరుతో పడగొట్టి, దున్నకుండా, నేలను కప్పిన ఆ కాడల మీదే యంత్రంతో మొక్కజొన్న విత్తుతాం. యంత్రం జనుమును చీల్చుకుని గింజను మట్టిలో పెట్టాలి. లోతు తగ్గితే గింజ కాడల మధ్యే ఆరిపోతుంది. ఎక్కువైతే మొలక పైకి రాలేదు.

ట్రాక్టరు మా బావమరిది తోలేవాడు. పది అడుగులు వెళ్ళగానే ఆమె చెయ్యెత్తి ఆపేది. కొడవలి మొనతో ప్రతి సాలూ గీకి, గింజ దాకా చూపుడువేలు దించేది. రెండు కణుపులు మునగాలి. లేకపోతే లోతు చక్రం మర తిప్పించి, మళ్ళీ పది అడుగులు. గట్టు వార జనుము పలచగా ఉంటుంది, అక్కడ చూస్తే ఒప్పుకునేది కాదు. చేను మధ్య, ఒత్తుగా పడ్డచోటే చూడాలి.

"అక్కా, నేను ఇత్తుతంటే నువ్వు తవ్వుతన్నావు. సాయంత్రానికి ఎవులు గెలుస్తారు?" అనేవాడు తమ్ముడు.

"ఒరే, నీకు బండి ముద్దు, నాకు గింజ ముద్దు. దిగి సూడు."

యంత్రం మీది లోతు గుర్తులు నేను చదివి చెబితే నవ్వేది. "ఆ గీతలు బండికున్నాయి గానీ బూమికున్నాయేటండీ?" ఎమ్మెస్సీ చదివినవాణ్ణి. కొడవలి అందించేవాణ్ణి.

ఈ జ్యేష్ఠంలో బావమరిదికి వీలుపడక వేరే డ్రైవరును పెట్టి, ఆమె చేసినట్టే చేశాను. చేను మధ్యకు వెళ్ళాను. ప్రతి సాలూ గీకాను. రెండు కణుపులు మునిగేదాకా మర తిప్పించాను.

అయిదారు రోజుల్లో మొలవాలి. ఏడో రోజుకీ చేను ఖాళీ. ఆ జనుము ఆమె చల్లినదే. ఆమె లేకుండా నేను వేసిన మొదటి పంట ఇది. ఇది పోతే అన్నేళ్ళు ఆమె పక్కన నిలబడి ఏమీ నేర్చుకోనట్టే.

ఎనిమిదో రోజు బావమరిదిని పిలిచాను. సాలు గీకాడు. మొలక ఉంది, తెల్లగా, బాగా కింద.

"ఇంత లోతేటి బావా? దేంతో కొలిసావు?"

వేలు చూపించాను. వాడు నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు.

"అక్క ఏలు నీ ఏలంత పొడుగేటి?"

ముప్పై ఏళ్ళు చూసిన చెయ్యి. నాకు తట్టలేదు.

"మళ్ళీ ఇత్తేద్దామా?" అన్నాడు.

"రెండ్రోజులు సూద్దాంరా."

ఆ రెండ్రోజులూ తెల్లారేసరికి చేలో ఉన్నాను. పదో రోజు, చేను మధ్య, ఒక ఎండు జనుము కాడ నేలకు ఆనకుండా కొంచెం పైకి లేచి ఉంది. వంగి చూశాను. కింద పాలిపోయిన మొలక ఒకటి, వంకర తిరిగి, దాన్ని మోస్తోంది. కాడ తీసేయబోయి ఆగాను. పక్కనే కూర్చున్నాను. అవతలి సాలులో ఇంకో కాడ కదిలినట్టనిపించింది. గాలేమో.