దోవలో పరిచిన ఉలవ

ఈ మధ్యాహ్నం జీపు షెడ్డులోకి వచ్చి ఆగగానే కాలిన ఉలవ తీగ వాసన ముక్కుకు తగిలింది. వేడి సైలెన్సరుకు ఎండు తీగ అంటుకుంటే వచ్చే వాసన అది. మాడిన నూనె వాసన, మాడిన రబ్బరు వాసన వేరే రకం. వాటితో దీన్ని నేనెప్పుడూ పొరబడను. బండి కింద పడుకుని షాఫ్టుకు చుట్టుకున్న తీగను కత్తితో కోసి లాగుతుంటే, దాన్ని నడుపుకొచ్చిన తిమ్మప్ప కాళ్ళు నా తల పక్కనే కనిపిస్తున్నాయి. అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు. లైసెన్సు వచ్చి రెండు నెలలు. బళ్ళారి దాకా ఒంటరిగా పంపడం ఇదే మొదటిసారి. అతన్ని ఒక మాట అడగాలి. తీగంతా బయటికి వచ్చేదాకా ఆ మాట నా నోట రాలేదు. ఆ మాట నాది కాదు, దస్తగిరప్పది.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరిన కొన్నేళ్ళకు, మెకానికల్ డిప్లొమా పట్టుకుని కూరెకుప్ప దగ్గర ఒక గనుల కంపెనీలో చేరాను. కంపెనీకి రెండు జీపులుండేవి. నాకు డ్రైవింగు నేర్పే పని పెద్ద డ్రైవరు దస్తగిరప్ప మీద పడింది. యాభై ఏళ్ళ మనిషి, బక్కపలచన, తలకు ఎప్పుడూ తెల్లటి రుమాలు. టైర్లు కొట్టి చూసుకోవడానికి సీటు వెనక ఒక వేప కర్ర పెట్టుకునేవాడు. ఇంజను ఎలా పనిచేస్తుందో నాకు బొమ్మలతో సహా తెలుసు. అందుకే ఆయన నేర్పేది పెద్దగా ఏముంటుందని అనుకున్నాను. ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. మొదటి రోజునుంచీ ఇంజనీరప్పా అనేవాడు. అందులో గౌరవమెంతో వెక్కిరింపెంతో కొలిచి చెప్పలేను.

మా వైపు సంక్రాంతి దాటాక ఉలవ పంట కోతకొస్తుంది. నూర్చడానికి రోలు బండ, ఎద్దులు లేనివాళ్ళు కోసిన తీగను తెచ్చి తారు రోడ్డు మీద మోకాలెత్తున పరుస్తారు. బస్సులు, లారీలు దాని మీదుగా పోతే గింజ రాలుతుంది. నాలుగు చక్రాలున్న ప్రతి బండినీ చేయి ఊపి పిలుస్తారు. డ్రైవర్లు కూడా అదొక సాయమనుకుని వేగంగానే తొక్కించుకుపోతారు. దస్తగిరప్ప మాత్రం తీగకు పది గజాల ముందు జీపు ఆపి, కర్ర తీసుకుని దిగేవాడు. మొదటిసారి నేను చూసినప్పుడు గట్టు మీదున్న ఒకామె నవ్వింది.

"ఏందప్పా డ్రైవరు, మా ఉలవలు బుక్కేకి దిగినావా? మీద పోనీ."

"పోతాను తల్లీ. ఎంతమంది వచ్చినారు మీరు?"

"ఐదుమంది."

"యాడుండారో చూపీ."

ఆమె ఒక్కొక్కరినే చూపించింది. ఆయన వేలితో ఐదు తలలూ లెక్కపెట్టుకుని, అప్పటికీ తృప్తి లేక, తీగను కర్రతో కదుపుతూ ఆ చివరిదాకా నడిచి వచ్చాడు. నేను గడియారం చూసుకున్నాను. నాలుగు నిమిషాలు. బళ్ళారి రోడ్డులో అలాంటి చోట్లు పది ఉంటే నలభై నిమిషాలు నష్టం. ఆ లెక్క చెప్పి, గట్టిగా హారను కొడితే సరిపోదా అని అడిగాను. "హారను మేలుకోనుండేవాళ్ళకు ఇంజనీరప్పా," అని గేరు వేశాడు.

ఆ వారమే నేను బండి బయలుదేరే ముందు చూసుకోవలసినవన్నీ నోటుబుక్కులో సిరాతో రాశాను. రేడియేటరు నీళ్ళు, ఇంజను ఆయిలు, బ్రేకు, ఫ్యాను బెల్టు, చక్రాల నట్లు, ఇలా పదకొండు. ఆయనకు చదువు రాదు గనక నేనే చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని అంతా విన్నాడు. బాగుందన్నాడు. తర్వాత, "అంతా బండి సంగతే రాసినావు గదప్పా. దోవ సంగతి యాడ?" అన్నాడు. దోవ మన చేతిలో ఉండదు కదా అన్నాను. "దిగి చూసేది మన చేతిలోనే ఉండాది," అన్నాడు. ఆయన మనసు నొప్పించడం ఎందుకని పన్నెండోది చేర్చాను: తీగ పరిచిన చోట దిగి మనుషులను లెక్కపెట్టాలి. దాన్ని మాత్రం పెన్సిలుతో రాశాను.

మరుసటి నెల దస్తగిరప్ప కూతురి కాన్పుకని హచ్చొళ్ళి వెళ్ళాడు. ఆ రోజుల్లోనే గనిలో కంప్రెసరు బేరింగు పోయి పని ఆగిపోయింది. కొత్తది తేవడానికి నేనొక్కడినే జీపు తీసుకుని బళ్ళారి వెళ్ళాను. తిరుగు దారిలో, కుడతిని దాటాక, రోడ్డు నిండా ఉలవ తీగ. మిట్టమధ్యాహ్నం. గట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళు రొట్టె తింటూ చేయి ఊపారు. నేను ఆపాను, కానీ దిగలేదు. కూర్చున్న చోటునుంచే, ఎంతమంది వచ్చారని అడిగాను.

"ముగ్గురం. అవ్వ నీళ్ళకు పోయింది. నువ్వు పోనీప్పా, సాలు ఆ లెక్కలు."

అడిగాను, జవాబు వచ్చింది, లెక్క సరిపోయింది. మొదటి గేరు వేశాను. క్లచ్చు వదలబోతుండగా ఆ ఆడవాళ్ళ పక్కనున్న కడవ మీద నా చూపు పడింది. కడవ ఇక్కడుంటే అవ్వ నీళ్ళకు ఎలా వెళ్ళింది? చుట్టూ నల్లరేగడి నేల, చెట్టన్నది లేదు, మైలు దూరం దాకా నడిచే మనిషి కనిపించలేదు. ఇంజను ఆపి, కర్ర తీసుకుని దిగాను. వాళ్ళిద్దరూ నన్ను చూసి నవ్వారు. పదిహేను అడుగులు వేశాక కర్రకు మెత్తగా ఏదో తగిలింది. తీగ కదిలింది. ఎండ పడకుండా నిలువెల్లా తీగ కప్పుకుని పడుకున్న అవ్వ లేచి కూర్చుంది. జుట్టు నిండా ఆకులు.

నిద్ర చెడగొట్టినందుకు ఆమె నన్ను, నా జీపును, నన్ను కన్నవాళ్ళను కలిపి తిట్టింది. గట్టు మీద నవ్వు ఆగిపోయింది. ఒకామె పరుగున వచ్చి అవ్వను కరుచుకుని ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని అవ్వ ఆమెనూ తిట్టింది. నేను రోడ్డు మీదే కూర్చుండిపోయాను. నన్ను చూసి అవ్వకు జాలేసిందేమో, ఆ కడవలో నీళ్ళే వంచి ఇచ్చింది. అంత చల్లటి నీళ్ళు నేనెప్పుడూ తాగలేదు. మళ్ళీ బండి ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలను నేను నష్టం కింద రాసుకోలేదు.

దస్తగిరప్ప ఊరినుంచి వచ్చాక, దిగకుండా అడిగిన తప్పుతో సహా అంతా చెప్పాను. మెచ్చుకోలేదు, కోప్పడలేదు.

"అవ్వ ఏమనింది?"

"నోటికొచ్చినట్టు తిట్టిందన్నా."

"తిట్టనీలే. తిట్టేకి అవ్వ ఉండాది గదా."

ఈ అలవాటు ఆయనకెలా వచ్చిందో అప్పుడు అడిగాను. ఇరవై ఏళ్ళ వయసులో తానూ అట్లాగే తీగ కింద నిద్రపోయాడట. వచ్చిన బస్సు డ్రైవరు సరిగ్గా తీగ ముందు బీడీ ముట్టించుకోవడానికి ఆగాడట. పుల్ల గీసిన చప్పుడుకో, పొగాకు వాసనకో తనకు మెలకువ వచ్చిందట. "ఆ బీడీ లేకుంటే నేను లేనప్పా," అన్నాడు. "ప్రతిసారీ ఎవరో ఒకరు బీడీ ముట్టిస్తారని పండుకునేకి అయితదా? అందుకే నేనే దిగుతాండా." నోటుబుక్కులో ఆ పన్నెండోది పెన్సిలు రాత అని ఆయనకు తెలియదు. ఆ సాయంత్రమే దాని మీద సిరా దిద్దాను.

ఆయన పోయి మూడేళ్ళయింది. వేప కర్ర మా షెడ్డు జీపులోనే ఉంటుంది. కొత్తగా వచ్చే డ్రైవర్లకు ఆ పన్నెండూ నేనే చెబుతాను. మొదటి పదకొండూ వాళ్ళు శ్రద్ధగా రాసుకుంటారు. పన్నెండోది విని ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు. తిమ్మప్ప కూడా నవ్వాడు.

తీగ చివరి పోగు లాగి బండి కిందినుంచి బయటికి వచ్చాను. చేతులు తుడుచుకుంటూ, తీగ పరిచిన చోట ఎంతమంది ఉన్నారని అడిగాను.

"నలుగురు సార్. ముగ్గురే కనపడిరి. నాలుగో ఆయప్ప యాడని ఎతికితే, మిట్ట వెనక మేకలు తోలుతాండె. ఆయప్పను పిలిపించి, రోడ్డు పక్కకు వచ్చినంక పోనిచ్చినా. చాన లేటయింది సార్, తిడతారేమో అని..."

"లేటు కానీలే," అన్నాను. కర్ర సీటు వెనక, దాని చోట్లోనే ఉంది. చివరన రెండు ఉలవ ఆకులు అంటుకుని ఉన్నాయి.