ఎలీషా కొట్టెయ్యని పేరు

రాజోలు దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో సర్వర్ గది తాళంచెవి పదకొండేళ్ళుగా ఎలీషా చొక్కా జేబులోనే ఉంటోంది. ల్యాబ్‌లో దుమ్ము తుడవడానికి చేరినవాడు. కంప్యూటర్ పాఠాలు చెప్పే గణపతి మాస్టారు పక్కన కూచోబెట్టుకుని, సర్వర్ని నడిపే లినక్స్ నేర్పితే, సిస్టమ్స్ అన్నీ చూసుకునేవాడయ్యాడు.

మాస్టారు మొదటిరోజే చెప్పారు: "లినక్స్‌కి గుండెకాయ కెర్నెల్. అది ఎవరి మొహమూ చూడదురా. ఫైలు ముట్టుకుంటానన్నవాడి నెంబరు చూస్తుంది. ఆ నెంబరుకి అనుమతి ఉంటే పోనిస్తుంది, లేకపోతే పొమ్మంటుంది. సున్నా నెంబరోడు రూట్. ఆడిని మాత్రం ఏదీ అడగదు. ఆ సున్నా ఎవరి చేతికిచ్చేవో చూసుకో."

ఆ మాట ఎలీషాకి ఒంటబట్టేసింది. ఎవరైనా కీబోర్డు మీద చెయ్యి వేస్తే వెనక నించుంటాడు. ఉద్యోగం మానేసినవాళ్ళ లాగిన్ ఖాతా ఆ సాయంత్రానికే తీసేస్తాడు. "మేం గేటు దాటకుండానే పేరు కొట్టేత్తావయ్యా!" అని ఆఫీసులో రమణి దెప్పుతుంది.

ఆ సోమవారం కరస్పాండెంట్ సుబ్రహ్మణ్యేశ్వరరావు పిలిపించారు. ఆరుగురు కుర్రాళ్ళ హాజరు శనివారం అరవై శాతం దాటలేదు. ఇప్పుడు డెబ్భై ఆరు. పరీక్షకి కూచోవాలంటే డెబ్భై ఐదు ఉండాలి.

"తాళాలన్నీ నీ దగ్గరే కదా ఎలీషా."

"నేను ముట్టుకోలేదండి."

"ఎవరో సాయంత్రంలోగా చెప్పు. లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

రమణి టీ తెచ్చిపెడితే, ఇవాళే ఎందుకు తెచ్చిందా అనుకున్నాడు. తాగలేదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో సర్వర్ రాసుకునే లాగ్ తెరిచాడు. ఆదివారం పదకొండు గంటలకి, తను చర్చిలో ఉన్న వేళ, రూట్ అధికారంతో హాజరు ఫైలు మార్చిన ఖాతా పేరు గణపతి.

మాస్టారు రిటైరై రెండేళ్ళు. అందరి పేర్లూ తీసినవాడికి, బతికున్న గురువుగారి పేరు కొట్టెయ్యడానికి చెయ్యాడలేదు. సున్నా అధికారంతో సహా అలాగే ఉంచేశాడు.

కొత్తపేటలో ఉన్న మాస్టారికి ఫోన్ చేశాడు.

"ఏరా, నన్నే అనుమానిస్తున్నావా?"

"లేదండి" అన్నాడు. గొంతు మాత్రం అవుననే అంది.

"అనుమానించాలి. నేర్పింది అదే కదా. నా పేరు ఉంచడం నీ తప్పు. అది సరే, ఏ కంప్యూటర్నించి వచ్చిందో చూసేవా?"

చూడలేదు. పేరు కనబడగానే కళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇప్పుడు పక్క గడి చూశాడు. కరస్పాండెంట్ గారి గది.

ఆ మాటే ఫోన్లో చెబితే మాస్టారు అన్నారు: "యూనివర్సిటీ ఫారాలు పంపాలంటే నా పాస్‌వర్డ్ ఆయనకి ఓసారి చెప్పేనురా. తర్వాత మార్చలేదు. నా తప్పూ ఉంది."

ఎలీషా ఆ ఖాతాలోకి ఎవరూ వెళ్ళకుండా మూసేశాడు, పేరు మాత్రం ఇంకా తియ్యలేదు. లాగ్ ప్రింటు తీసి, ఫొటో మాస్టారికి పంపాడు.

సాయంత్రం కాగితం చదివిన కరస్పాండెంట్ గారి చెవులు ఎర్రబడ్డాయి. "ఈ గదిలోకి మా బావమరిది దొరబాబు కూడా వస్తూంటాడు" అన్నారు. ఆ ఆరుగురిలో ఒకడు దొరబాబు కొడుకు. తర్వాత మెల్లగా, "ఇది ఇంకెవరైనా చూసేరా?"

"ఆయ్. గణపతి మాస్టారి దగ్గర ఉందండి."

ఆయన కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నారు. "రేపు మామూలుగా రా."

"వస్తానండి. హాజరు పాత అంకెలకే మార్చేశానండి. నేనే మార్చినట్టు లాగ్‌లో ఉంటుంది."

మర్నాడు అందరికంటే ముందొచ్చి గణపతి అన్న పేరు తీసేశాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, కరస్పాండెంట్ గారి ఖాతాకి ఏయే ఫైళ్ళలో రాసే అనుమతి ఉందో ఒక్కొక్కటే చూడడం మొదలెట్టాడు.