కనక పాకలో రెండో రాత్రి

కనక పాక కొండ నెత్తిన, రెండు సంతల దారులు కలిసే చోట ఉంటుంది. కావిళ్ళతో నడిచేవాళ్ళు ఒక రాత్రి అక్కడ పడుకుని పోతారు. కనక డబ్బు పుచ్చుకోదు, ఉప్పో పొగాకో చేతిలో పెడితే చాలు. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆమెకి తోడూ బతుకూ ఆ దారే. ఎలాటి మనిషినైనా ఒక్క రాత్రి భరించగలనని ఆమె నమ్మకం.

వరహాలరావు వచ్చిన మధ్యాహ్నమే ఆ నమ్మకం సడలింది. కొండ అవతలి బడికి కొత్తగా వేసిన సైన్సు మాస్టారతను. వెంట భార్య నీలవేణి, ఏడాది నిండని కూతురు. రాగానే నీళ్ళు మరిగించాడు. చల్లారాక, చెంబు సరిగ్గా కడగలేదేమోనని మళ్ళీ మరిగించాడు. కట్టెల మోపు సగం అయిపోయింది. పొగ పిల్లకి పడదని తలుపు తీశాడు. చలిగాలి పడదని మూశాడు.

“ఆ తలుపేటి పాపం సేసింది బాబూ?” అంది కనక.

“పాపకి జలుబు చేస్తే ఇక్కడ డాక్టరెవరమ్మా?”

కనక ఊటనీళ్ళు తెచ్చేసరికి పొయ్యి మీద గిన్నెలో ఆమె పందిరి చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి. బిందె దించకుండా నిలబడిపోయింది. ఊళ్ళో ఇంకా చిక్కుడు కొత్త పండగ కాలేదు. ఊరి దేవత నిశాని రాయి దగ్గర పెట్టి మొక్కాకే ఎవరైనా కొత్త పంట నోట పెట్టాలి. ముందే వండుకున్న ఇంట ఆ కొండల్లో ఎవరూ నీళ్ళు కూడా ముట్టరు. దారిన పోయేవాళ్ళు ఆగకపోతే ఇక ఆ పాక దేనికి?

“గుంటకి ఎట్టేసినావా?” అంది పిల్ల కేసి చూస్తూ.

“రెండు ముద్దలు. పొద్దుట్నుంచి పాలు తప్ప ఏమీ తినలేదమ్మా. అడుగుదామంటే మీరు లేరు.”

“వద్దనే చెప్పేను,” అంది నీలవేణి, పిల్ల మూతి తుడుస్తూ. “అందులో ప్రోటీను ఉందన్నారు.”

కనక గొణుక్కుంటూ ఊళ్ళోకి దిగి, ముహూర్తాలు చెప్పే దిశారి సోంబరుని వెంటబెట్టుకొచ్చింది. అతను గిన్నె చూశాడు, పిల్లని చూశాడు, మాస్టారు తలుపు తీసి మూయడం చూశాడు.

“రేపే కొత్త ఎట్టేద్దాం. మొక్కుకి కోడి మాస్టారుది. నీ ఇంటికి తప్పు అంటదు.”

కనక ఊపిరి పీల్చుకుంది.

“అది అయినదాకా ఈళ్ళు కొండ దిగకూడదు. అయ్యేసరికి పొద్దు గూకుతాది.”

“అయితే రేపు రాత్రి మీ ఇంట పడుకుంటారు, అన్నా.”

“నా ఇంటికి తలుపు ఒకటే ఉంది,” అంటూ సోంబరు దిగిపోయాడు.

వరహాలరావు కట్టెల మోపు కేసి దిగులుగా చూశాడు. “రేపు నీళ్ళు కాచడానికి ఇవి చాలవేమోనమ్మా.”

కనక చూరులోంచి గొడ్డలి తీసి అతని చేతిలో పెట్టింది.