పత్తికట్టె వేళ్ల మట్టి

మూడేళ్ల కిందటి ఎండాకాలం. తాండూరు దగ్గర ఒక చిన్న రోలింగ్ మిల్లులో నేను ఫర్నేస్ మేస్త్రీని. ఇనుప దిమ్మెలను మేము బిల్లెట్లంటాం. వాటిని ఫర్నేస్‌లో పసుపు రంగు తిరిగేదాకా కాల్చి, రోలర్ల మధ్య సాగదీసి సలాకలు చేస్తాం. రంగు రాకముందే తీస్తే రోలర్ విరుగుతుంది. ఆ రంగు గుర్తుపట్టడమే నా పని. అక్షరాలు యాభై దాటాక వచ్చాయి గానీ, మంట సంగతి ఇరవై ఏళ్లప్పుడే తెలుసు.

అప్పటిదాకా మాది బొగ్గు మంటే. ఆ ఏడు మా సేటు పత్తికట్టెతో బ్రికెట్లు చేయించాడు. కట్టెను మిషన్‌లో పొడి చేసి గట్టిగా ఒత్తితే వచ్చే ముద్దలవి. మా దిక్కు పత్తి ఏరడం అయ్యాక కట్టె పీకి చేలోనే తగలబెడతారు. అదేదో మన దగ్గర కాలితే బొగ్గు తగ్గుతుంది కదా అన్నాడు. గడ్డీగాదంతో ఇనుము కాలుతుందా అని నేను ఆయన మొహం మీదే అన్నాను.

కట్టె తెచ్చేది బంట్వారం ఆడవాళ్లు, పన్నెండు మంది. వాళ్లకు పెద్ద మణెమ్మ. ఈ పని లేకపోతే వాళ్లు ఎండాకాలమంతా పట్నం పోయి ఇటుకలు మోయాలి.

“శనివారం దాకా చూస్త. ఇనుము కాలకుంటే మళ్ల బొగ్గే,” అన్నాడు సేటు.

రెండు రోజులు బాగానే కాలింది. గురువారం మంట కుంగిపోయింది. బిల్లెట్ ఎర్రగానే ఉంది, ఎంతకీ పసుపు తిరగదు. ఫర్నేస్ ఆపి చూస్తే కింది కడ్డీల మీద క్లింకర్ పేరుకుంది. బూడిద కరిగి గాజులా గట్టిపడితే క్లింకర్ అంటాం. గాలి వచ్చే సందులన్నీ పూడుకుపోయాయి. గడ్డపారతో పగలగొట్టి యార్డులో పడేశాను. నిజం చెప్పాలంటే, నా మాటే నెగ్గిందని కొంచెం సంతోషపడ్డాను కూడా.

అప్పుడే ట్రాలీ దిగిన మణెమ్మ ఆ గడ్డను కాలితో దొర్లించింది.

“గిదేంది తాతా? మా పొయ్యిల గిట్ల ఎన్నడు కాలే.”

“నీ పొయ్యి, నా ఫర్నేస్ ఒకటేనా? పో, పని చూస్కో.”

“ఏదైనా తినేది కట్టెనే గద. మేమైతే ఏర్లు బండకు కొట్టి, మన్ను రాలినంకనే పొయ్యిల పెడ్తం. మీరు మన్ను సుత కలిపి ఒత్తుతున్నరు.”

“ఎర్కుండి మరి ఎందుకు దులపలే?”

“దులుపుమని ఎవలు చెప్పిన్రు? పీకింది పీకినట్టే తేండ్రి, జల్ది అన్నది నువ్వే.”

అన్నది నేనే. ట్రాలీలోంచి ఒక కట్ట లాగి చూశాను. వేళ్ల నిండా నల్లరేగడి గడ్డలు. ఆ మన్నే లోపల కరిగి గాజవుతోంది.

విరిగిన తాండూరు బండ ఒకటి గేటు దగ్గర నిలబెట్టాం. పన్నెండు మందీ ప్రతి కట్టనూ దానికి బాది, మన్ను రాల్చి లోపలికి పంపారు. శుక్రవారం కొత్త బ్రికెట్లు ఒత్తాం. శనివారం సేటు వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. పొద్దెక్కేసరికి బిల్లెట్‌కు పసుపు తిరిగింది.

“ఏం మేస్త్రీ, గడ్డితోని కాలిందా?”

“కాలింది సేటూ. తప్పు గడ్డిది కాదు, నాది.”

బొగ్గు పూర్తిగా మానలేదు, ఇప్పటికీ కొంత వేస్తాం. ఎక్కువ పాలు మాత్రం కట్టెదే. మణెమ్మ వాళ్లు ఇటుకల పనికి పోలేదు. గేటు గోడ మీద “వేర్లు కొట్టి తేవలెను” అని సుద్దతో రాసింది నేనే. పనిలో నేను రాసిన మొదటి ముక్క అది.

మా ఇంట్లో గ్యాసు వచ్చేదాకా మా ఆవిడ పత్తికట్టె మీదే జొన్నరొట్టెలు కాల్చేది. రోజూ పొద్దున వాకిట్లో ఆ బాదుడు చప్పుడుకు విసుక్కునేవాణ్ని. నిప్పు సంగతి నాకొక్కడికే తెలుసనుకునే రోజులవి. ఎందుకు బాదుతున్నావని ఒక్కసారీ అడగలేదు.