ఏడుపాయలలో నేను కట్టని ముడుపు

మా ఆయనకు డయాలసిస్ మొదలై మూడేళ్లు. ఇంట్లో ఎవరి కిడ్నీ సరిపోలేదు. బ్రెయిన్ డెడ్ అయిన మనిషిది, వాళ్ల ఇంటివాళ్లు ఒప్పుకుంటే ఇస్తారని ఆస్పత్రిలో పేరు రాయించాం. అప్పటి నుంచి వచ్చినవాళ్లంతా నా చేతి చాయ్ తాగి, ఓపిక పట్టు, దేవుడున్నాడు అని చెప్పిపోతున్నారు. దాహమని ఆయన బతిమాలుతుంటే గుక్కెడు నీళ్లు కొలిచి పోసేదాన్ని నేను. నాకా ఓపిక నేర్పేది? చివరికి అత్తమ్మ పోరు పడలేక, డయాలసిస్ లేని రోజు చూసి ఏడుపాయల దుర్గమ్మకు ముడుపు కట్టడానికి బయలుదేరాను.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే మెదక్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. మెదక్ బస్టాండ్ దగ్గర ఇడ్లీ తిని, రానుపోను ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడుగునా వరి పొలాలే. డ్రైవర్ తన పెళ్లి కూడా అమ్మవారి దయవల్లే కుదిరిందని చెప్పుకొచ్చాడు. “జర లేటయితది గని ఇస్తదక్కా” అన్నాడు. నాకివ్వాలంటే ఇంకెవరి ఇంట్లోంచి తేవాలో అతనికేం తెలుసు.

గుడి ముందు మంజీర నది నిండుగా పారుతోంది. అన్ని నీళ్లు చూస్తే మా ఆయన గుర్తొచ్చి ఒళ్లు మండింది. దర్శనమయ్యాక కొబ్బరికాయ, ఎర్రగుడ్డ పట్టుకుని ముడుపులు కట్టే చోటికి వెళ్లాను. మనసులో కోరిక చెప్పుకుని కట్టాలి, తీరాక వచ్చి విప్పాలి. పక్కనే కౌడిపల్లి నుంచి వచ్చిన ఒకామె, ముడి పడక అవస్థ పడుతోంది. కొడుకు బండి మీద నుంచి పడ్డాడట. తలకు దెబ్బ. హైదరాబాద్ దవాఖానాలో సోయి లేకుండా ఉన్నాడట. తండ్రిని అక్కడ కూర్చోబెట్టి ఈమె ఇటు పరుగెత్తుకొచ్చింది.

“ఏం రక్తమమ్మా?” అని అడిగాను.

“ఓ పాజిటివ్ అన్నరు బిడ్డా. నువ్విస్తవా?”

మా ఆయనదీ అదే. నేను ఎందుకడిగానో నాకు తెలుసు, అమ్మవారికీ తెలుసు. ఆ తల్లి మాత్రం ఆశగా నా మొహంలోకి చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. నాది వేరే గ్రూపని చెప్పి, ఆమె చేతిలోని ముడుపు తీసుకుని, ఆ పిల్లాడు బతకాలని మొక్కి గట్టిగా ముడి వేశాను. నా కాయ సంచిలోనే ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకు జరిగిందంతా చెప్పాను.

“మరి నా సంగతేంది?” అన్నాడు.

సంచిలోంచి కాయ తీసి పూజగదిలో పెట్టాను. ఇప్పటికీ ఫోన్ మోగినప్పుడల్లా అది ఆస్పత్రి ఫోనే కావాలనుకుంటాను, వెంటనే కౌడిపల్లి ఆమె మొహం గుర్తొస్తుంది. దేవుణ్ని నమ్మడం మానలేదు. ఏమని అడగాలో మాత్రం తెలియడం లేదు. కాయ పూజగదిలో అలాగే ఎండుతోంది. మీరు వెళ్తే, ఆటోను అక్కడ ఆగే టైంతో కలిపి మాట్లాడుకోండి. ముడుపు ముందు ఎంతసేపు నిలబడిపోతారో ముందే చెప్పలేం.