మామ చాప

మా మేనమామను తలుచుకుంటే మొగం కంటే ముందు ఆయన భుజాన ఉండే ఈతచాప కనపడుతుంది. మద్రాసులో జమీందార్ల పార్టీ ఏలిన రోజుల్లో మా బేస్తవారిపేట పక్క మీటింగంటే పెద్దోళ్ళకు కుర్చీలు, మిగతావాళ్ళకు మన్ను. తర్వాత ఖద్దరు పార్టీ వచ్చి అందరూ ఒకటే, బంజరు భూములు లేనోళ్ళకు పంచుతాం అన్నది. మామ ఆ మాట నమ్మినాడు. ప్రతి మీటింగుకూ చాప మోసుకుపోయి పరిచి, ఊరి బయటి కిరస్తానపు పల్లె కూలోళ్ళను రైతుల పక్కనే కూచోబెట్టేవాడు. ఎవరన్నా మొగం ముడిస్తే, "కొంచెం జరగండి నాయనా, చోటుంది" అనేవాడు. ఆయన చేసిన రాజకీయమంతా అదే.

ఖద్దరు పార్టీ గెలిచింది. ఏడాది తిరగకముందే ఆ పాత పార్టీ పెద్దోళ్ళంతా ఖద్దరు కట్టుకుని ఇందులోకే వచ్చినారు. బంజరు పంచే మాట మీటింగుల్లో మెల్లగా వినపడకుండా పోయింది.

ఒక సాయంత్రం మామ ఎప్పటిమాదిరే చాప పరిచి పల్లెవాళ్ళను కూచోబెట్టినాడు. పార్టీ సెక్రటరీ వచ్చి, "మామా, చాప పెద్దోళ్ళకు కావాల. వీళ్ళను ఎనక్కి పంపు" అన్నాడు.

పల్లెవాళ్ళు మామ చెప్పకముందే లేచినారు. పెద్దోళ్ళు వచ్చి చాప నిండా కూచున్నారు. మామ కూడా వాళ్ళ ఎనకాలే పోయి మట్టిలో కూచోబోయినాడు. వాళ్ళలో ఒక ముసలాయన పక్కకు ఒత్తిగిలి, "కొంచెం జరగండిరా, అయ్యకు చోటియ్యండి" అన్నాడు.

మీటింగు ముగియకముందే మామ ఉత్తచేతులతో ఇంటికొచ్చినాడు. చాప ఏదని అత్త అడిగింది.

"వాళ్ళు లేస్తే కదా తెచ్చేది" అన్నాడు.