బోర్లా పరిచిన బండ

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. తాండూరు దగ్గర ఒక గుట్టను తవ్వేస్తుంటే ఒంటరిగా వెళ్ళి జేసీబీకి అడ్డంగా పడుకున్నవాణ్ణి. అలాంటివాడి జోలికి దయ్యాలు కూడా రావు. కాబట్టి నాచారంలో మా ఇంట్లో జరిగినదాన్ని పిరికివాడి మాటగా కొట్టిపారేయకండి.

నేను భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ని. తాండూరు ప్రాంతమంతా ఒకప్పుడు లోతులేని సముద్రం. భూమ్మీద గడ్డిపోచ కూడా పుట్టకముందు దాని అడుగున పేరుకున్న బురదే గట్టిపడి, ఇవాళ మన ఇళ్ళలో పరుచుకునే బండ అయింది. నేను చెప్పే గుట్టలో ఆనాటి అలలు గీసిన చాళ్ళు రాతిలో అలాగే నిలిచిపోయాయి. దాన్ని భూవారసత్వ స్థలంగా ప్రకటించి కంచె వేయమని ఆఫీసుల చుట్టూ తిరిగాను.

నేను తిరిగేలోపు పై పొరంతా కోసుకుపోయారు.

"సారూ, అలలు అలలు అంటరు, ఏడున్నయి? ఒక్క ముక్కన్న సూపియ్యున్రి, నేనే వచ్చి తవ్వకం ఆపిస్త" అన్నాడు గనుల ఆఫీసరు. చూపించడానికి ముక్క లేదు. లీజు పొడిగింపు కాగితం మాత్రం సంతకానికి సిద్ధంగా ఉంది.

ఆ మధ్యాహ్నం ఉప్పల్‌లో మెట్రో దిగి, ఆటోలో ఇంటికొస్తూ, ఇక వదిలేద్దామని మొదటిసారి అనుకున్నాను. మండే మే నెల. నల్లా రాలేదు, ట్యాంకరూ రాలేదు. నా భార్య అనసూయ నడుం పట్టేసి మంచం మీద ఉంది.

భోజనాల బల్ల కింద ఒక బండ తడిగా కనిపించింది. ఒకే ఒక్క బండ. తడి మడుగులా లేదు. చాళ్ళు చాళ్ళుగా, అక్కడక్కడ రెండుగా చీలుతూ ఉంది. అలలు గీసిన చాళ్ళు సరిగ్గా అలాగే చీలుతాయి.

మా వృత్తిలో రాయి తెలియాలంటే నాలుక తగిలించి చూస్తాం. మోకాళ్ళ మీద వంగి నాకాను. ఉప్పగా ఉంది.

"గిదేం రోగమయ్యా? పెండ్లైన కాడికెల్లి గుట్టలు నాకినవు, గిప్పుడు ఇల్లు మొదలువెట్టినవా?" అంది అనసూయ మంచం మీది నుంచి.

గడ్డపార తెచ్చి బండ లేపాను. తిప్పి చూస్తే అడుగు వైపు అలలు! నిన్ననే సముద్రం వెనక్కి వెళ్ళిందా అన్నంత స్పష్టంగా. అంచున సన్నటి గులాబీ పొర. ఆ గుట్టలో తప్ప ఆ పొర నాకు మరెక్కడా కనబడలేదు. ఇల్లు కట్టేటప్పుడు ఉప్పల్ బండల డిపోలో దాన్ని ఎంచింది నేనే. నున్నటి వైపు చూసి మురిసిపోయాను తప్ప రెండో వైపు చూడలేదు. రాయి కనబడితే ముందు తిప్పి చూడండ్రా అని పిల్లలకు జీవితమంతా పాఠం చెప్పినవాణ్ణి!

బండ కింద ఇసుక పొడిపొడిగా ఉంది. అక్కడ పైపు లేదు. ఫ్రిజ్ అవతలి గదిలో ఉంది.

మర్నాడు ఆటో డ్రైవరు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని ఆ బండను ఆఫీసరు బల్ల మీద పెట్టాం. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. గుట్టకు వచ్చి ఒక బండ లేపించి చూస్తే కింది పొరలోనూ అవే చాళ్ళు. తవ్వకం ఆగింది. కంచె, బోర్డు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆ ఆఫీసు గడప వదిలేది లేదు.

ఇక జేసీబీ సంగతి. పడుకున్న మాట నిజమే. కాకపోతే అది ఆగి ఉంది, డ్రైవరు చెట్టు నీడలో అన్నం తింటున్నాడు. నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని మజ్జిగ ఇచ్చాడు. తాగి లేచొచ్చాను. ఉప్పదనం కూడా నా చెమటదే అయి ఉండొచ్చు. తడి మాత్రం అబద్ధం కాదు. గుట్టను వదిలేద్దామనుకున్న ఆ రోజే, ఆ ఒక్క రోజే ఆ బండ ఎందుకు తడిసిందో ఇప్పటికీ నాకు అంతుచిక్కలేదు.

ఇదంతా చదివి వినిపిస్తే అనసూయ కళ్ళజోడు తీసి నా వైపు చూసింది.

"ఒక్క రోజేంది? ఇల్లు కట్టినప్పటి సంది ఎండకాలమంత అది తడుస్తనే ఉన్నది. గా చాళ్ళు గట్లనే వస్తయి. చెప్తే, నీళ్ళు నేనే ఒలకవోసిన్నంటివి. రోజు తుడిసి తుడిసి నా నడుం వోయింది. గా దినం లేవలే, తుడవలే. గంతే."